పదిహేను మైక్రాన్ల మనిషి

మా తాడేపల్లిగూడెంలో ఎవరినైనా ఏదైనా అడిగి చూడండి. సూటిగా జవాబు వస్తే నా పేరు మార్చుకుంటాను. కుట్టిన చొక్కా భుజాలు దిగజారాయేమిటయ్యా అంటే దర్జీ "పర్లేదండీ, ఉతికితే సర్దుకుంటాదండీ" అంటాడు. తలుపు మూసినా గడప దగ్గర వేలెడు సందు ఉంది కదయ్యా అంటే వడ్రంగి "పర్లేదండీ, వానాకాలం చెక్క ఉబ్బుద్దండీ" అంటాడు. సందు పెట్టినవాడూ పర్లేదంటాడు, ఆ సందులోంచి వచ్చే దోమల చేత కుట్టించుకునేవాడూ పర్లేదంటాడు. ఊరంతా ఈ ఒక్క మాట మీద నడుస్తోంది. నాకా మాట వింటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నా పేరు వీరవెంకటరమణ. హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్షన్ విభాగంలో ముప్పై రెండేళ్లు పనిచేసి, రిటైరై, రెండేళ్ల కిందట సొంతూరు వచ్చాను. నా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక గేజు ఉంటుంది. జానెడు కూడా లేని ఉక్కు కడ్డీ, రెండు కొసలా నున్నగా గుండ్రంగా ఉంటుంది. గేరు రంధ్రంలో ఒక కొస దూరాలి, రెండో కొస దూరకూడదు. మొదటిది దూరకపోయినా, రెండోది దూరినా ఆ గేరు తుక్కులోకి పోతుంది. దానికి మొహమాటం తెలియదు, అండీలు తెలియవు. ఈ ఊళ్లో నేను మర్యాద ఇచ్చే ఏకైక ప్రాణి అదే.

మా నాన్న పెట్టిన కొట్టును ఇప్పుడు మా తమ్ముడు గంగాధరరావు నడుపుతున్నాడు. పంపుసెట్ల సామాన్లు, బోల్టులు, పైపులు అమ్ముతాడు. ఆ కొట్టులో 'లేదు' అనే మాట నోటి వెంట రాకూడదు. లేదంటే లక్ష్మీదేవి విని వెళ్లిపోతుందట. సరుకు లేకపోతే "రేపొస్తుందండీ" అనాలి. కొట్టు మూశాం అనకూడదు, కట్టేశాం అనాలి. దీపం ఆరిపోయిందనకూడదు, కొండెక్కిందనాలి. తొమ్మిదేళ్ల వయసులో నేను ఒకాయనతో "రెండంగుళాల మేకులు లేవు" అన్నాను. ఆయన ఇంకా మెట్లు దిగకముందే మా నాన్న నా నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు. ఈ వ్యాపారానికి నేను పనికిరానని ఆ రోజే తేలిపోయింది. పెద్దయ్యాక హైదరాబాదు పోతూ పోతూ ఆ డొంకతిరుగుడు భాషని ఆ మెట్ల మీదే వదిలేసి పోయాననుకున్నాను.

మా తమ్ముడికి ఒక్కతే కూతురు, హరిణి. ఆరో తరగతి నుంచీ హాస్టలు, ఇంగ్లీషు మీడియం, ఇంజనీరింగు కూడా హాస్టల్లోనే. చదువయ్యాక అందరిలా ఉద్యోగం వెతుక్కోకుండా కొట్టు వెనక షెడ్డులో ఒక చిన్న కంప్యూటరు లేతు, గేర్ల పళ్లు కోసే మెషీను పెట్టించుకుంది. రిమోటు కార్లకు గేర్లు తయారుచేస్తానంది.

రిమోటు కార్లంటే పసిపిల్లలు గోడకేసి గుద్దే బొమ్మలు కావు. మూరెడు పొడవు, గంటకు డెబ్బై కిలోమీటర్ల వేగం. ఆడేవాళ్లు కూడా పిల్లలు కారు. చేపల మేత డీలర్లు, రైసుమిల్లుల వారసులు, బెల్టు పొట్ట కిందికి జారిన మనుషులు. మట్టిదిబ్బ మీంచి ఆ కారుని ఎగరేసి కింద పడేయడం వాళ్లకి సరదా. పడ్డప్పుడల్లా లోపల గేరు పళ్లు రాలతాయి. అప్పుడు కంపెనీ గేరు తీసేసి ఎక్కడో దొరికిన గట్టి ఉక్కుది వేస్తారు. గేరు నిలబడుతుంది, ఇరుసు విరుగుతుంది. ఇరుసు గట్టిది వేస్తే దాన్ని పట్టుకునే కప్పు పగులుతుంది. కప్పు మారిస్తే బేరింగు పోతుంది. దెబ్బ ఎక్కడికీ పోదు, పక్కవాడి మీద పడుతుంది. ఇంత చిన్న సంగతి బుర్రకెక్కని నలభై మంది, ఏలూరు నుంచి భీమవరం దాకా ఉన్నవాళ్లు, వాట్సాప్ గ్రూపు పెట్టుకుని ఒకరి కారుని ఒకరు మెచ్చుకుంటూ కాలక్షేపం చేస్తుంటారు.

హరిణి ఆలోచన వేరు. "ఏదో ఒక్కటి గట్టిగా చేస్తే లాభం లేదు పెదనాన్నా. గేరు, ఇరుసు, కప్పు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చుంటే ఏదీ విరగదు" అంది. ఆ మాట విన్నాక నాకా పిల్ల మీద గౌరవం పుట్టింది. పైకి మాత్రం, "డ్రాయింగు తీసుకురా, చూద్దాం" అన్నాను. డ్రాయింగులో రంధ్రం ఎనిమిది మిల్లీమీటర్లు. కిందికి సున్నా, పైకి పదిహేను మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందమే డెబ్బై దాకా ఉంటుంది. అందులో అయిదో వంతు దగ్గర ఆ పిల్ల గీత గీసింది. ఆ గీతకి నేను కాపలా కూర్చున్నాను. వాట్సాప్ గ్రూపు వాళ్లు నాకు పదిహేను మైక్రాన్ల మనిషి అని పేరు పెట్టారని తర్వాత తెలిసింది. వెక్కిరింపే అయినా నాకు నచ్చింది.

మా తమ్ముడికి మాత్రం ఇదంతా ఆటబొమ్మల గోల. బెంగళూరులో ఈ కార్ల సామాన్లు అమ్మే సాయిప్రియ అనే ఆవిడ హరిణి గేర్లని స్వయంగా పరీక్షించడానికి వస్తానంది. కొల్లేరు పక్కన ఎండగట్టిన చేపల చెరువులో నలభై అయిదు నిమిషాలు ఆపకుండా నడుపుతుంది. గేర్లు తట్టుకుంటే తన కొట్లన్నింటిలో పెడుతుంది. ఆ కబురు విని తమ్ముడు కూతురితో తేల్చి చెప్పాడు. "నలభై అయిదు నిమిషాలు తిరిగితే షెడ్డు నీదమ్మా. మధ్యలో ఆగిపోతే పైపుల గోడౌను చేసేస్తాను. నువ్వు ఎంచక్కా కొట్టులో కూర్చుందువు గాని." మర్నాడే పైపుల కంపెనీ వాళ్లు టేపు పట్టుకొచ్చి షెడ్డు నేల కొలుచుకుపోయారు. మెషీను దగ్గరకొచ్చేసరికి టేపుని దాని చుట్టూ తిప్పి, "ఇది తీసేస్తారు కదండీ" అని అడిగారు. హరిణి ఆ వారం అన్నం సరిగ్గా తినలేదని మా మరదలు చెప్పింది.

లేతు మీద పనిచేసేది ఎడ్విన్. ఏలూరు నుంచి రోజూ రైల్లో వస్తాడు. ఇరవై అయిదేళ్లు రైసుమిల్లులకు ఇరుసులు, బుష్షులు తిప్పిన చెయ్యి. రైసుమిల్లు పనిలో ఒక పద్ధతి ఉంది. తవుడు దుమ్ములో, వేడిలో, మిల్లు ఫిట్టరు చెక్కసుత్తితో రెండు దెబ్బలు కొడితే సామాను దూరిపోవాలి. అందుకని అన్నింటికీ కాస్త వదులు పెట్టి తిప్పుతారు. ఎడ్విన్ గేర్లకీ అదే పెట్టాడు. మొదటి విడత నలభై చేస్తే, ముప్పై ఒకటింటిలో నా గేజు రెండో కొస సుబ్బరంగా దిగిపోయింది.

"ఏవయ్యా ఎడ్విన్, ఇది రంధ్రమా, గుహా?" అన్నాను.

"చేత్తో దూరాలి కదండీ. కొంచెం వదులుంటే బిగించేవాడికి సుఖంగా ఉంటాదండీ."

"కొంచెం అంటే ఎంత?"

ఎడ్విన్ బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి మధ్యలో ఉన్న గాలి చూపించాడు. ఆ గాలిని కొలిచే పరికరం నా దగ్గర లేదు కనక ముప్పై ఒక్క గేర్లనీ తుక్కు డబ్బాలో పోశాను.

"ఉందా లేదా, దూరుతుందా దూరదా. నాకు ఈ ముక్కలే అర్థమవుతాయి. నీ కొంచేలూ, నీ పర్లేదులూ ఏలూరులో పెట్టి రైలెక్కు" అన్నాను.

"అలాగేనండీ" అన్నాడు. ముఖం మాడ్చుకోలేదు. అతనికి కోపం రాదనుకున్నాను. కోపం రానివాళ్ల పని కూడా అలాగే ఏడుస్తుందని హరిణితో అన్నాను. అతను పక్కనే ఉన్నాడు.

న్యాయం చెప్పాలి కదా, తర్వాత ఎడ్విన్ తనంతట తనే దారి కనిపెట్టాడు. రంధ్రం కావలసిన దానికన్నా రవ్వంత బిగువుగా కోసి, ఇత్తడి కడ్డీకి సన్నటి పేస్టు రాసి, గేరుని దాని మీద చేత్తో తిప్పుతూ చివరి రెండు మూడు మైక్రాన్లూ అరగదీశాడు. ఒక్కో గేరుకి అరగంట పట్టేది. పన్నెండు చేశాడు. పన్నెండింటిలోనూ మొదటి కొస దూరింది, రెండో కొస గుమ్మంలోనే ఆగిపోయింది. నేను "ఊఁ" అన్నాను. నా నోటి నుంచి అంతకన్నా పెద్ద మెప్పు ముప్పై రెండేళ్లలో ఎవరికీ రాలేదు. ఎడ్విన్ ఆ రోజు సాయంత్రం అందరికీ బజ్జీలు తెప్పించాడు.

పరీక్ష నాడు పొద్దున్నే తమ్ముడితో సహా అందరం వ్యానులో బయల్దేరి కైకలూరు వైపు, కొల్లేటి అంచున ఉన్న వెంకట్రాజు చెరువు దగ్గరికి చేరాం. చేపలు పట్టేసి, నీళ్లు తోడేసి, నెల్లాళ్లు ఎండగట్టిన చెరువు. అడుగంతా బీటలు, బీటల మధ్య నత్తగుల్లలు, ఇంకా వదలని కంపు. గట్టు అవతల నీళ్లలో గూడబాతులు వాటి పని అవి చూసుకుంటున్నాయి. ఈ గట్టు మీద వాట్సాప్ గ్రూపు పెద్దమనుషులు నల్ల కళ్లద్దాలతో దిగారు. జీవన్ అని ఒక మేత డీలరు, కారు పెట్టె ఇంకా విప్పకుండానే "సూపరండీ" అనేశాడు. పెట్టెని చూసి సూపరనేవాడికి లోపల ఏముంటే ఏం.

సాయిప్రియ బూట్లు వేసుకుని, జుట్టు ముడేసుకుని, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా చెరువు అంతా ఒకసారి నడిచి చూసింది. పనిమంతురాలని ఆ నడకలోనే తెలిసింది. కారు తనే నడుపుతానంది.

కారులో గేరుబాక్సులు రెండు. ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి. రెండింటిలోనూ మా గేర్లే. వ్యాను వెనక తలుపు చెక్క కిందికి దించి, దాని మీదే ఆఖరి బిగింపు మొదలుపెట్టాం. ముందు గేరుబాక్సుకి నేను గ్రీజు పట్టించి ఇస్తే హరిణి మూత బిగించింది. వెనకది నా ఒళ్లో ఉంది. గ్రీజు డబ్బాలో వేలు పెట్టి చూశాను, అడుగు తగిలింది. హరిణి వ్యాను అవతల బ్యాటరీ తీగలు కలుపుతోంది.

"పెదనాన్నా, వెనకదాని గ్రీజు?" అని కేకేసింది.

"గ్రీజు నిండుకుందమ్మా" అని చెప్పాను.

"సరే పెదనాన్నా."

దుమ్ము పడకుండా వెనక గేరుబాక్సు మీద మూత ఆనించి, చెక్క మీద పెట్టి, లేచాను. అవతల ఎడ్విన్ చక్రం నట్టుని స్పానరు లేకుండా చేత్తో తిప్పుతున్నాడు. ఈ మనిషికి జన్మలో బుద్ధి రాదనుకుంటూ అటు వెళ్లాను. స్పానరు ఎలా పట్టుకోవాలో ఒక అయిదు నిమిషాలు నలుగురూ వినేలా చెప్పాను. ఎడ్విన్ "అలాగేనండీ" అని అయిదుసార్లు అన్నాడు.

కారు కదిలింది. చెప్పుకోవాలి, బాగా నడిచింది. దిబ్బ ఎక్కి, గాలిలో లేచి, బీటల మీద దబ్బున పడి, నత్తగుల్లల్ని పొడి చేసుకుంటూ తిరిగింది. పది నిమిషాలకు బ్యాటరీ మార్చారు. ఇరవై అయింది. హరిణి నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది, ఆ పట్టు బిగుస్తోంది. ముప్పై నిమిషాలకి మా తమ్ముడు కూడా గొడుగు పక్కన పెట్టి గట్టు దిగాడు. ముప్పై అయిదో నిమిషంలో వెనక నుంచి సన్నగా ఒక ఏడుపు లాంటి చప్పుడు మొదలైంది. ముప్పై ఎనిమిదో నిమిషంలో కర్రుమంది. వెనక చక్రాలు బిగుసుకుపోయి, కారు పక్కకి దొర్లి, ఒక బీటలో ముక్కు దూర్చి ఆగిపోయింది.

జీవన్ ఒక్కడే "పర్లేదండీ, చాలా సేపు తిరిగిందండీ" అన్నాడు. హరిణి నా మోచెయ్యి వదిలేసింది.

నాకు ఒళ్లు తెలియలేదు. సూటిగా ఎడ్విన్ దగ్గరికి వెళ్లాను. "చూశావా? రైసుమిల్లు చెయ్యి రైసుమిల్లు చెయ్యే. పన్నెండు బాగా చేసి నా కళ్లు కప్పావు గాని, నీ వదులు ఎక్కడికి పోతుందయ్యా? పట్టుమని ఏడు నిమిషాలు మిగిలాయి. నీ చేతిని నమ్ముకున్నందుకు ఆ పిల్ల బతుకు చెరువులో కలిసింది" అన్నాను. నలభై మంది విన్నారు.

ఎడ్విన్ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "నా పొరపాటైతే నాదేనండీ" అన్నాడు. పన్నెండు గేర్లనీ నేనే చూసి ఊఁ కొట్టిన సంగతి అతను ఎత్తలేదు. తిరుగు ప్రయాణంలో వ్యాను వెనక సీట్లో సామాన్ల మధ్య కూర్చున్నాడు. గూడెం రాగానే తన పనిముట్లు సంచిలో సర్దుకుని, మా తమ్ముడికి దణ్ణం పెట్టి, స్టేషనుకి నడిచి వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు. నేనసలు చూడనట్టే ఉన్నాను.

సాయిప్రియ కైకలూరు నుంచే గన్నవరం ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోతానంటే తమ్ముడు వినలేదు. భోంచేయకుండా ఎలా వెళ్తారండీ అని గూడెం దాకా లాక్కొచ్చాడు. అమ్మాయి గేరు విరిగినా పనసపొట్టు కూర వడ్డించాల్సిందే మా వాళ్లకి. భోజనం కానిచ్చి ఆవిడ కొట్టులో కూర్చుని ట్యాక్సీ కోసం ఎదురుచూస్తోంది. తమ్ముడు ఒక పక్క ఆవిడకి సోడా ఇప్పిస్తూనే ఇంకో పక్క పైపుల కంపెనీ వాళ్లతో ఫోనులో "సోమవారం పంపండీ" అంటున్నాడు.

నేను షెడ్డులోకి పోయి తలుపు దగ్గరికి లాగి, వెనక గేరుబాక్సు విప్పాను. ఎడ్విన్ తప్పు కళ్లారా చూసి, కొలిచి, రిజిస్టరులో ఎర్ర సిరాతో రాయాలని నా కోరిక. మూత తీశాను. పళ్లు వేడికి నీలంగా కమిలి, ఒకదానికొకటి గీసుకుని, అరిగి అతుక్కున్నాయి. రంధ్రంలో గేజు పెట్టాను. మొదటి కొస దూరింది. రెండో కొస దూరలేదు. ముప్పై ఎనిమిది నిమిషాల నరకం తర్వాత కూడా ఎడ్విన్ రంధ్రం పదిహేను మైక్రాన్ల లోపే ఉంది. వేలు పెట్టి లోపలంతా తడిమాను. వేలికి ఇనుప పొడి అంటింది. జిడ్డు అంటలేదు. ముందు గేరుబాక్సు విప్పాను. అందులో గ్రీజు పచ్చగా మెరుస్తోంది, గేరు నిన్న కోసినట్టుంది.

హరిణి వచ్చి నా వెనక నిలబడింది. వెనక్కి తిరిగి, "ఇందులో గ్రీజు ఏదమ్మా?" అన్నాను.

"మీరు నింపారు కదా పెదనాన్నా."

"నేనెక్కడ నింపాను? డబ్బా అయిపోయిందని చెప్పాను. నీ సంచిలో ఇంకోటి ఉందిగా, అది వేసుకున్నావనుకున్నాను."

"అయిపోయిందని మీరనలేదు. నిండుకుందన్నారు. మూత కూడా పెట్టేసి ఉంది. నిండిందనుకుని స్క్రూలు బిగించేశాను" అంది హరిణి.

ఏం చెప్పను? బియ్యం డబ్బా ఖాళీ అయితే మా అమ్మ అనే మాట అది. నూనె అయిపోయినా అదే మాట. ఇంట్లో ఏదీ లేదనకూడదు, నిండుకుందనాలి. మా నాన్న మొట్టికాయ యాభై రెండేళ్లుగా నా నెత్తి మీదే ఉంది. ఊరందరి మాటల్లో వదులు వెతికే నేను, ఖాళీ డబ్బా చేతిలో పట్టుకుని నిండుకుందన్నాను. పదేళ్ల వయసు నుంచీ హాస్టలు గదుల్లో పెరిగిన పిల్లకి ఆ మాట ఎవరు చెప్పారు? నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతో పాటే, గట్టు మీద తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్న ఎడ్విన్ కళ్ల ముందు కనబడ్డాడు.

సంగతి వివరిస్తే హరిణి ఏడవబోయి నవ్వింది. "పదిహేను మైక్రాన్ల మనిషై ఉండి, ఇదేంటి పెదనాన్నా" అంది. వెంటనే గొంతు తగ్గించి, "పర్లేదు. మీ మాట ఎత్తకండి. గ్రీజు నేనే మర్చిపోయానని నాన్నకి చెప్తాను" అంది.

ఎన్నో వందల పర్లేదులు విన్నాను గాని, ఇంత మంటెత్తించింది ఇంకోటి లేదు. ఆ పిల్ల షెడ్డు పోతోంది, అయినా నా పరువు కాపాడుతోంది. నన్ను పర్లేదు లెక్కలో వేసింది.

రెండు గేరుబాక్సులూ చేతుల్లో పట్టుకుని కొట్టులోకి నడిచాను. ముందర ఇద్దరు కొనుగోలుదార్లు ఉన్నారు, గల్లాపెట్టె దగ్గర తమ్ముడు, కుర్చీలో సాయిప్రియ. గేరుబాక్సులు బల్ల మీద పెట్టాను.

"వెనకదానిలో గ్రీజు లేదు" అన్నాను. తమ్ముడు ఫోను మూసి, "అన్నయ్యా, కొట్టులో ఆ మాట..." అన్నాడు.

"లేదు. బొట్టు కూడా లేదు. మొదటి నిమిషం నుంచీ లేదు. లేదని చెప్పాల్సినవాణ్ణి నేను. నిండుకుందని చెప్పాను. అమ్మాయికి తెలియక బిగించింది. హరిణి తప్పు కాదు, ఎడ్విన్ తప్పు అంతకన్నా కాదు. ఇదుగో రంధ్రం, ఇదుగో గేజు, మీరే పెట్టి చూసుకోండి" అన్నాను. మా నాన్న ఫోటో కింద నిలబడి ఎన్నిసార్లు లేదన్నానో లెక్కపెట్టుకోలేదు.

సాయిప్రియ లేచి వచ్చింది. కమిలిన గేరుని వెలుగులో తిప్పి చూసింది, వేలితో రాసి చూసింది, గేజు రెండు కొసలూ పెట్టి చూసింది.

"ముప్పై ఎనిమిది నిమిషాలూ గ్రీజు లేకుండానే తిరిగిందాండీ?"

"అవును."

"నేనిప్పుడు అమ్ముతున్న గేర్లు గ్రీజు లేకపోతే పది నిమిషాలు కూడా ఉండవండీ" అంది. ముందు గేరుబాక్సులో గేరుని ఇంకోసారి చూసింది. "ఈ గేర్లు ఇంకా ఉన్నాయా?"

మా తమ్ముడి నోరు అలవాటుగా "రేపొస్..." దాకా వెళ్లింది. గుమ్మంలోంచి హరిణి, "ఉన్నాయండీ. చేత్తో అరగదీసినవి పది ఉన్నాయి" అంది.

సాయిప్రియ తన ప్రయాణం మర్నాటికి మార్చుకుంది. పొద్దున్నే అదే చెరువులో మళ్లీ పరీక్ష పెట్టాలని నిర్ణయమైంది. తమ్ముడు చాలాసేపు గల్లాపెట్టె మీద వేళ్లతో కొట్టి, పైపుల వాళ్లకి ఫోను చేసి, సోమవారం వద్దన్నాడు. రేపొద్దున కారు బిగించడానికి ఎడ్విన్ గారు కావాలి పెదనాన్నా అని హరిణి అంది. అనకపోయినా నేను చెప్పులు వేసుకుంటూనే ఉన్నాను.

ఏలూరు పాసింజరు ఆలస్యంగా నడుస్తోంది, స్టేషనులో ఎడ్విన్ ఇంకా బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు. సంచి కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఎడ్విన్ గారూ" అన్నాను. అన్ని నెలల్లో మొదటిసారి గారు పెట్టాను. ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది. "మీ గేరు బాగానే ఉందండీ. డబ్బాలో గ్రీజు అయిపోతే నేను సరిగ్గా చెప్పలేదు. తప్పు నాది. నలుగురిలో మిమ్మల్ని అనరాని మాట అన్నాను."

"పర్లేదండీ" అన్నాడు ఎడ్విన్.

"ఆ మాట వద్దు. పర్వా లేదా, ఉందా? రెండింటిలో ఒకటి చెప్పండి."

ఏలూరు పాసింజరు వస్తోందని మైకులో చెప్పారు. ఎడ్విన్ సంచి జిప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఉందండీ" అన్నాడు. "ఇరవై అయిదేళ్లలో నా చేతిని ఎవరూ అలా అనలేదండీ. మీరు నన్ను తిట్టినా పడతానండీ, నా చేతిని అన్నారండీ. రేపట్నుంచి గూడెం వెళ్లనని ఇంటికి ఫోను చేసి చెప్పేశానండీ. చాలా ఉందండీ."

సూటిగా జవాబు చెప్పమని ఊరందరినీ వేధించాను. ఒకడు చెప్పాడు. తలొంచుకుని నిలబడ్డాను.

రైలు వచ్చి ఆగింది, జనం ఎక్కారు, దిగారు. ఎడ్విన్ ఎక్కలేదు. అది కదిలి వెళ్లిపోయాక సంచి ఒక చెవి తను పట్టుకుని రెండోది నా వైపు తిప్పాడు.

"బరువుంటాదండీ. ఆ పక్క పట్టుకోండి" అన్నాడు.

పట్టుకున్నాను.